మద్రాసు నుంచి రావలసిన ప్లేట్లు

బరంపురం గోసాని నువాగాంలో ఏ మోటారు బండి మొరాయించినా జనం దాన్ని పోతయ్య షెడ్డుకే తోసుకొచ్చేవారు. తోసుకొచ్చి, బండిని లోపల పెట్టి, తాము మాత్రం వీధికి అవతల జగ్గమ్మ పకోడీల బల్ల దగ్గర నిలబడేవారు. పని అయిందని పోతయ్య కేకేస్తే వచ్చి పట్టుకుపోయేవారు. అతని చేతిలో పనితనం ఉందని ఊరంతా ఒప్పుకుంది. అతని పక్కన కాసేపు కూర్చుందామని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఒడియావాళ్లకు అతను నోలియా మేస్త్రి, అంటే చేపలు పట్టే కులంలో పుట్టిన మెకానిక్కు. తెలుగువాళ్లకు రంగూన్ పోతయ్య. ఆర్యపల్లిలో ఉన్న సొంతవాళ్లకేమో వల వెయ్యడం మరిచిపోయిన పట్నం మనిషి. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, ఆ బాపతు. పదిహేడో ఏట గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ పోయాడు. అక్కడ ఒక దొరగారి మోటారు షెడ్డులో ముందు నేల కడిగాడు, తర్వాత బోల్టులు కడిగాడు, ఆఖరికి బండ్లు విప్పడం నేర్చుకున్నాడు. మధ్యలో ఒకసారి వచ్చి కాసమ్మను పెళ్లాడి మళ్లీ వెళ్లాడు. వచ్చే ఏడు పిలిపించుకుంటాను, ఆపై ఏడు పిలిపించుకుంటాను అంటూ పదేళ్లు గడిపేశాడు. మనిషి వేసినన్ని వాయిదాలు కలరా వెయ్యదు. కాసమ్మ పోయిందన్న కబురు మూడు నెలలు ఆలస్యంగా అందింది. వచ్చి చూస్తే బావమరిది ఇసుకలో ఒక చోటు చూపించాడు. అదో, ఆ పక్కదో, బావమరిదికే సరిగ్గా గుర్తులేదు.

ఆ తర్వాత పోతయ్య సముద్రం హోరు వినిపించే చోట ఉండలేకపోయాడు. బరంపురం వచ్చి రేకుల షెడ్డు వేసుకున్నాడు.

ఆ షెడ్డులోకి వచ్చి కూర్చున్న మనిషి ఒక్కడే, పశువుల డాక్టరు వెంకటరమణమూర్తి. విజయనగరం వైపు బ్రాహ్మడు. భార్య పోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆవుల కడుపుల్లో చేతులు పెట్టే ఉద్యోగం కాబట్టి ఆయన కులంవాళ్లు కూడా ఆయన్ని పంక్తిలో కూర్చోబెట్టడానికి కాస్త నసిగేవారు. వాళ్లిద్దరి స్నేహం ఒక పొరపాటుతో మొదలైంది. అదీ జాలరి బిడ్డ తప్ప వేరొకడు చెయ్యలేని పొరపాటు.

డాక్టరుకు ఒక పాత ఇంగ్లీషు మోటారు సైకిల్ ఉండేది. పదకొండేళ్ల కిందట మొదటిసారి దాని క్లచ్చి జారింది. క్లచ్చి అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అప్పాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్రటి ప్లేట్లు. ఒకటి ఉత్త ఉక్కుది, తర్వాతది చిల్లులు పొడిచి బిరడా ముక్కలు దిగేసినది, మళ్లీ ఉక్కుది. స్ప్రింగులు వాటన్నిటినీ అదిమి పట్టుకుంటే ఇంజను బలం చక్రానికి అందుతుంది. బిరడాలు అరిగితే పట్టు తప్పుతుంది. ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం నడవదు.

రంగూన్‌లో బిరడా ముక్కలు డబ్బాల్లో సిద్ధంగా దొరికేవి. ఇక్కడ దొరకలేదు. పోతయ్యకు బెండు గుర్తొచ్చింది. ఆర్యపల్లిలో వల పైఅంచు మునిగిపోకుండా కడతారే, ఆ జీలుగు బెండు. చూపుకు బిరడాలాగే ఉంటుంది, తేలిక, కత్తి పెడితే ఎలా కావాలంటే అలా తెగుతుంది. సముద్రానికే చెడనిది చారెడు నూనెకు చెడుతుందా అనుకుని, ముక్కలు కోసి దిగేశాడు. డాక్టరు రంభ అనే ఊరు చేరేసరికి స్ప్రింగుల నొక్కుడుకూ వేడికీ ఆ బెండంతా పిండైపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన మోటారు సైకిల్‌ని ఎడ్లబండి మీదికెక్కించి, తను పక్కన నడిచి వచ్చాడు. పోతయ్య తిట్లు తినడానికి తలొంచుకుని నిలబడ్డాడు.

"ఏమిటోయ్, బండికి వల కట్టావా?" అని డాక్టరు నవ్వాడు. నవ్వి, తిరగేసిన పెట్రోలు డబ్బా మీద కూర్చున్నాడు. అలా కూర్చున్నవాడు పదకొండేళ్లు కూర్చున్నాడు.

గుర్రాలకూ ఎద్దులకూ పోసే మందు సీసాలకు బొటనవేలంత లావు బిరడాలుంటాయి. డాక్టరు వాటిని పారెయ్యకుండా దాచి జేబులో వేసుకొచ్చేవాడు. వాటినుంచే పోతయ్య క్లచ్చి ముక్కలు కోసేవాడు. ప్రతి శనివారం సాయంత్రం ఆయన రావలసిందే. పోతయ్య రంగూన్ పద్ధతిలో డబ్బాపాలు పోసి టీ కాచేవాడు. మొదటి ఏడు డాక్టరు ఆ టీ ముట్టలేదు. రెండో ఏడు తన గ్లాసు తెచ్చుకున్నాడు. మూడో ఏటికి ఎవరి గ్లాసు ఏదో ఇద్దరూ మరిచిపోయారు. మాట్లాడుకునేది తక్కువే. ఒకడు విప్పేవాడు, ఒకడు చూసేవాడు. వారంలో మిగతా ఆరు రోజులూ పోతయ్య ఆ రోజు కోసమే బోల్టులు బిగించాడంటే అబద్ధం కాదు.

1936 మార్చిలో ఊరంతా ఒకటే మాట. ఏప్రిల్ ఒకటి నుంచి గంజాం మద్రాసు కింద ఉండదు, కొత్తగా ఏర్పడే ఒరిస్సాలో కలుస్తుంది. కొందరు పండగ చేసుకున్నారు, కొందరు అర్జీలు రాసుకున్నారు. పోతయ్య ఏదీ చెయ్యలేదు. ఏ రాజ్యం వచ్చినా బోల్టు కుడివైపుకే బిగుస్తుందని అతని ధీమా. ఆ ధీమా ఒక మంగళవారం పొద్దున్న దిగిపోయింది.

డాక్టరు చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చాడు. "మెరక ఎక్కనంటోందోయ్. ఇంజను అరుస్తోంది, చక్రం తనక్కాదన్నట్టు ఊరుకుంటోంది." డబ్బా మీద కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "ఆర్డరొచ్చింది పోతయ్యా. మద్రాసు కొలువులో ఉన్నవాళ్లం మద్రాసు వైపే పోవాలట. నాకు అనంతపురం వేశారు. ఒకటో తారీఖుకల్లా చేరాలి," అన్నాడు.

"అలాగా బాబూ," అన్నాడు పోతయ్య. స్పానరు తీసుకుని కింద కూర్చున్నాడు.

ముందు క్లచ్చి తీగ చూశాడు. తీగ మరీ బిగువుగా ఉన్నా ప్లేట్లు పూర్తిగా కలుసుకోవు. దాన్ని వదులు చేసినా జారుడు తగ్గలేదు. అప్పుడు పక్క మూత విప్పి, స్ప్రింగులు తీసి, ప్లేట్లు ఒక్కొక్కటీ బయటికి లాగి కిరసనాయిలుతో కడిగాడు. స్ప్రింగులను వరసగా నిలబెట్టాడు. రెండు మాత్రం వడ్లగింజలో సగమంత పొట్టిగా ఉన్నాయి. కింద చెరో వాషరు వేస్తే తీరిపోతుంది. ప్లేట్లు కూర్చునే గిన్నె గాడుల్లో చిన్న గీతలు పడ్డాయి. ఆకురాయి ఆడిస్తే పోతాయి. ఉక్కు ప్లేటు ఒకదాన్ని కిటికీ అద్దం ముక్క మీద పెట్టాడు. వంకరపోయి ఉంటే అది ఊగాలి. ఊగలేదు, పెనం మీద అట్టులా పరుచుకుంది. మిగతావీ అంతే. అరిగినవి బిరడాలొక్కటే. వాటికి బదులు కొత్తవి ఒక పొట్లం డాక్టరు అప్పటికే నేల మీద పెట్టాడు. మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోయే పని.

భోజనం వేళకు అయిపోతే ఈయన వెళ్లిపోతాడు. పోతయ్య బుర్ర అక్కడ ఆగిపోయింది. మద్రాసు నుంచి ఏ వస్తువు రావాలన్నా పది రోజులు పడుతుంది. దానికి బిగించే రోజొకటి కలిపితే రెండు శనివారాలు కలిసొస్తాయి. ఇంతకుముందు అతని బుర్రలోకి ఎప్పుడూ రాని లెక్క అది. వచ్చిందే తడవు నోట్లోకి దిగింది.

"బిరడాలతో తీరదు బాబూ," అన్నాడు, తల ఎత్తకుండానే. "ప్లేట్లు వంకరపోనాయి. ఇస్ప్రింగులు సచ్చిపోనాయి. మొత్తం సెట్టు మద్రాసు నుంచి రావాల. పది రోజులు పడతాది."

డాక్టరు డబ్బా మీద నుంచి వంగి అద్దం మీదున్న ప్లేటును చూశాడు. అంచు మీద వేలితో నొక్కాడు. కాసేపు అలాగే వంగి ఉండి చెయ్యి తీసుకున్నాడు.

"పది రోజులా," అన్నాడు. "నేననుకున్నది వేరులే. గురువారం బండి మీదే బయల్దేరి, నిన్ను వెనక ఎక్కించుకుని ఇచ్ఛాపురం దాకా తీసుకెళ్దామనుకున్నాను. అక్కడ సత్రంలో ఒక పూట ఉండి, నిన్ను బస్సెక్కించి నేను ముందుకు పోదామని. ఆ ఊరు మద్రాసులోనే ఉంటుందిగా."

పదకొండేళ్లలో డాక్టరు పోతయ్యను ఎక్కడికీ రమ్మనలేదు. ఆ మాటకొస్తే ఈ లోకంలో ఎవరూ రమ్మనలేదు. ఇప్పుడు నోరు తెరిచి "మధ్యాహ్నానికి అయిపోతాది బాబూ" అంటే చాలు. కానీ పోతయ్య చెప్పాడంటే అంతే అన్న ఒక్క పేరు తప్ప ఆ మనిషి దగ్గర అతను సంపాదించింది ఇంకేమీ లేదు. అద్దం ముందు పెట్టుకుని అబద్ధమాడానని ఎలా చెప్పడం? ఆ పేరు కూడా పోతే ఈయన మనసులో తన గురించి మిగిలేది ఏమిటి? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. నిజానికి తీసుకోవచ్చు. పోతయ్యకు చేతకాలేదు, అంతే. ఇక్కడ అతన్ని పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది.

పోతయ్య ఆ ప్లేటునే గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

"సరే, అయితే మెయిలుకు పోతాను. బాగయ్యాక బండిని గూడ్సులో పంపించు," అని డాక్టరు లేచాడు.

మర్నాడు పోతయ్య ఆ క్లచ్చిని బాగుచేసేశాడు. బిరడాలను వేడినీళ్లలో నానబెట్టి, చిల్లుల్లో బిగించి, గరుకు కాగితం మీద రుద్ది సమం చేశాడు. పొట్టి స్ప్రింగులకు వాషర్లు వేశాడు. గిన్నెకు ఆకురాయి పెట్టాడు. అన్నీ ఎక్కించి, బండి ముందు చక్రాన్ని షెడ్డు గోడకు ఆనించి, గేరులో వేసి క్లచ్చి వదిలాడు. ఇంజను ఠక్కున ఆగిపోయింది. క్లచ్చి గట్టిగా పట్టిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

సంతోషం పట్టలేక చేతులైనా కడుక్కోకుండా పశువుల ఆసుపత్రికి నడిచాడు. దారి పొడుగునా మాట కూడగట్టుకున్నాడు. పాత ప్లేట్లే సరిపోనాయి బాబూ, నాను సరిగ్గా సూడ్నేదు, అని చెప్దామనుకున్నాడు. అక్కడ కాంపౌండరూ బంట్రోతులూ పెట్టెలకు తాళ్లు కడుతున్నారు. గుమ్మంలో నిలబడ్డ పోతయ్యను చూసి డాక్టరు, "మద్రాసుకు రాయించావా?" అని అడిగాడు.

"రాయించినాను బాబూ," అంది పోతయ్య నోరు.

గురువారం స్టేషనుకు కూడా వెళ్లాడు. పూలదండలు, ఉద్యోగులు, వాళ్ల పిల్లలు. డాక్టరు అందరి తలల మీదుగా అతన్ని చూసి చెయ్యెత్తాడు. పోతయ్య చెయ్యెత్తేలోగా మెయిలు కదిలింది.

అబద్ధంలో కొంతైనా నిజం చెయ్యాలని, స్టేషను నుంచి వస్తూనే పోస్టుమాన్ గంగన్న చేత మద్రాసుకు నిజంగానే రాయించాడు. పోతయ్యకు చదువు లేదు, గంగన్నే అతని కలమూ కళ్లద్దాలూ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇదే. రెండు శనివారాలు వచ్చాయి, పోయాయి. పోతయ్య రెండుసార్లూ టీ కాచాడు. రెండుసార్లూ ఇద్దరికి సరిపడా కాచాడు. ఊరు ఒరిస్సాలోకి వెళ్లిందని ఒకనాడు బాణసంచా కాల్చారు. ఆ మర్నాడు పార్సెలొచ్చింది. మెరిసిపోయే కొత్త ప్లేట్లు, ఎర్రరంగు వేసిన స్ప్రింగులు. వాటిని ఒళ్లో పెట్టుకుని పోతయ్య షెడ్డులో కూర్చుండిపోయాడు.

పకోడీల బల్ల దగ్గర నుంచి జగ్గమ్మ ఇదంతా రోజూ చూస్తూనే ఉంది. ఆ రోజు బేరం లేదు. వీధి దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ బండి బుదవారవే అయిపోనాది కదన్నా. గోడకి ఆన్చి సూసినావు, నాను సూడ్నేదేటి? మరా బాబు రైలెక్కి ఎందుకు ఎల్లిపోనాడు?"

పోతయ్య చెప్పేశాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఉగ్గబట్టుకున్నాడు, అడిగేసరికి అద్దం ముక్కతో సహా అంతా చెప్పాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది," అంది జగ్గమ్మ. "మనిసిని ఉండమని నోటితో అడుగుతారు గాని, ప్లేట్లతో అడుగుతారేటి? ఇప్పుడైనా ఉత్తరం రాయించు."

బండిని గూడ్సులో వేసే ముందు పోతయ్య దాన్ని ఇచ్ఛాపురం దాకా నడిపి చూశాడు. క్లచ్చి ఒక్కసారి కూడా జారలేదు. సత్రం ఎక్కడో ఎవరినైనా అడుగుదామనుకున్నాడు. అడిగి ఏం చెయ్యాలో తెలియక, ఒక దుకాణం దగ్గర మంచినీళ్లు తాగి వెనక్కి తిరిగాడు.

గంగన్న కార్డు ముందు పెట్టుకుని ఏం రాయాలన్నాడు. బండి పంపినానని రాయమన్నాడు పోతయ్య. కొత్త ప్లేట్లు వెయ్యలేదని, విడిగా కట్టి పంపినానని రాయమన్నాడు. చివరికి, పాత ప్లేట్లు బాగానే ఉన్నాయని, ఆవేళ తను అబద్ధమాడినానని కూడా రాయమన్నాడు.

"ఎందుకు ఆడినావో రాయాలా?"

"ఒద్దు," అన్నాడు పోతయ్య.

నెల దాటాక జవాబొచ్చింది. కార్డు కాదు, కవరు. మిట్టమధ్యాహ్నం ఎండలో గంగన్న షెడ్డు నీడకు చేరి, కవరు చింపి, అడ్రసు దగ్గర నుంచీ అక్షరం వదలకుండా చదివాడు.

"పోతయ్యకు. బండి చేరింది. క్లచ్చి చక్కగా పడుతోంది. ప్లేట్లు బాగున్నాయని నాకు ఆ రోజే తెలుసు. ఇన్నేళ్లు నీ పక్కన కూర్చుని ఆ మాత్రం నేర్చుకోలేదా? అబద్ధం ఎందుకాడావో మాత్రం నువ్వు రాయలేదు. నేననుకున్నది రాస్తున్నాను. నిన్ను ఇచ్ఛాపురం రమ్మందామన్న ఆశతోనే వచ్చాను ఆ పొద్దున్న. నువ్వు పది రోజులన్నాక కూడా ఆ మాట ఎత్తి చూశాను. నువ్వు నోరు విప్పలేదు. వారం వారం వచ్చి పనికి అడ్డంగా కూర్చునేవాణ్ణి, ఇక రైలెక్కించి వదిలించుకోవాలనుకున్నావేమో, బండి మీద వెంట రావడం ఇష్టం లేకే మాట మార్చలేదేమో అనుకున్నాను. రెండోసారి అడగడానికి నాకూ మొహం చెల్లలేదు. స్టేషనులో కూడా అదే అనుకున్నాను. ఇక్కడ పని బాగానే ఉంది. సాయంత్రాలు కూర్చోడానికి చోటు దొరకలేదు."

గంగన్న కాగితం మడిచాడు. ఉత్తరాలు చదివేవాళ్లకు మనుషుల ముఖాలు చూడకూడదని తెలుసు కాబట్టి వీధి వైపు చూశాడు. అటే చూస్తూ, "జవాబు ఏటైనా రాయాలా?" అని అడిగాడు.

పోతయ్య చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అవి అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి.

"రాయి," అన్నాడు. "ఒదిలించుకోడానికి కాదని రాయి. పది రోజులు ఉంటారనే అలాగ సెప్పినానని రాయి. ఇచ్ఛాపురం రావాలనే ఉండీదని రాయి."

గంగన్న రాశాడు. చివరి మాట దాకా రాసి, "ఇంకేటి?" అన్నాడు.

"ఇంకేటీ నేదు," అన్నాడు పోతయ్య. "ఆవేళ నోట్లో ఉన్న మాట ఇంతే."